ఒకటి కలిపిన వాన

నేను ఒక వెబ్‌సైటును. పేరు వానలెక్క. నా గురించి మీరు విని ఉండరు, అందులో మీ తప్పేమీ లేదు. నేను అమ్మేదీ లేదు, కొనిపించేదీ లేదు. కదిరి అవతల బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిస్తే వచ్చే గుండ్లవంకపల్లెలో ఏ రోజు ఎంత వాన పడిందో చెప్పడం ఒక్కటే నా పని. పదేళ్ళు ఆ పని చేశాను. ఆ పదేళ్ళలో ఒక్క చినుకు కూడా నా మీద పడలేదు.

మా జాతికి ఒళ్ళు తడవకూడదు. ఎక్కడో ఒక మహానగరంలో, ఎండ చొరబడని చల్లటి గదిలో, ఇనుప అరల్లో మమ్మల్ని పేర్చి పెడతారు. నాకు ఒకపక్క పట్టుచీరల దుకాణం, ఇంకోపక్క పెళ్ళిసంబంధాల సైటు ఉండేవి. ఆ రెంటికీ మంచి స్నేహం. రోజుకు లక్షమంది వాటి గుమ్మం తొక్కేవారు. నా గుమ్మం ఎక్కేవాళ్ళు నలభైమందో, యాభైమందో. అయినా నాకు ఏ లోటూ అనిపించేది కాదు. గదిలో పగలూ రాత్రీ ఫ్యాన్ల హోరు ఉండేది. ఇదేనేమో వాన చప్పుడు అనుకుంటూ, సగం నిద్రలో సగం మెలకువలో కాలం గడిపేదాన్ని.

నన్ను కట్టినవాడు దస్తగిరి సార్. గుండ్లవంకపల్లె హైస్కూల్లో భౌతికశాస్త్రం టీచరు. పాఠంలో వాన కొలిచే సాధనం బొమ్మ ఒకటి ఉంది. ఏటా ఆ బొమ్మ చూపించి పేజీ తిప్పేయడం ఆయనకు మనసొప్పలేదు. చేతి డబ్బు పెట్టి నిజం సాధనమే తెప్పించి, మధ్యాహ్న భోజనం వండే షెడ్డు ముందు, ఏ నీడా పడని చోట పాతాడు. పైన గరాటు, లోపల గీతలు గీసిన జాడీ. కొలవడం సరే, కొలిచింది ఎక్కడ రాయాలి? పుస్తకంలో రాస్తే చెద తింటుంది, గోడ మీద రాస్తే మళ్ళీ ఏటికి సున్నం కొడతారు. అందుకని ఒక వేసవి సెలవులంతా కూర్చుని, తెలిసినవాళ్ళను అడిగి, తప్పులు చేసి దిద్దుకుని, నన్ను తయారుచేశాడు. మాట రికార్డు చేసే మైకు బొమ్మ ఒకటి నాకు తగిలించి పరీక్ష చేస్తున్నప్పుడు, నేను విన్న మొట్టమొదటి మనిషి గొంతు ఆయన భార్యది.

"సెలవుల్లో అందరూ మిద్దె కట్టుకుంటాంటే, నువ్వు వానకు ఇల్లు కడతాండావా?" అంటోంది ఆమె.

ఆయన నవ్వాడు. ఉత్తమ ఉపాధ్యాయుడని మండలంలో శాలువాతోపాటు చేతిలో పెట్టిన బహుమతిని నా అద్దె కింద పదేళ్ళకు ఒకేసారి కట్టేశాడు. "పో, పదేండ్లు నీకు ఢోకా లేదు" అన్నాడు నాతో. నా నుదుటిమీద ఒక వాక్యం రాశాడు: 'వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. రెండోది మన చేతుల్లో లేదు. మొదటిదాన్నైనా వచ్చాక కొలిచి పెట్టుకుందాం.'

కొలత రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే తీయాలి, అది శాస్త్రం. ఆదివారమైనా, పండగైనా, ఎండాకాలం సెలవులైనా తప్పకూడదు. సార్ ఉండేదేమో కదిరిలో. ఆయన బస్సు దిగి నడిచి వచ్చేసరికి తొమ్మిదింపావు దాటుతుంది. బడికి ఎదురింట్లోనే ఉండే మనిషి ఒక్కతే, వంట చేసే ఓబుళమ్మ. ఏడింటికే వచ్చి పొయ్యి అంటించేది. సార్ ఆమె చేతికి ఫోనిచ్చి నేర్పిస్తున్నప్పుడు మైకు తెరిచే ఉంది.

"ఓబుళమ్మక్కా, ఎనిమిదిన్నరకు జాడీలో నీళ్ళు ఏ గీత దాకా ఉంటే ఆ అంకె ఇందులో ఒత్తితే చాలు."

"అంకెలొస్తాయి సార్ నాకు. అక్షరాలే నిలబడవు."

"అక్షరాలొద్దు. ఏమన్నా చెప్పాలంటే ఈ మైకు బొమ్మ ఒత్తి మాట్లాడు."

"ఎవరితో?"

"దీంతోనే."

"వింటాదా?"

"వింటాది. బదులు చెప్పదు."

"మా ఇంటాయన మాదిరే" అంది ఓబుళమ్మ.

మర్నాడు ఎనిమిదిన్నరకు నాకు మొదటి అంకె వచ్చింది. ఒకటి. రోహిణి కార్తె చివరి రోజులవి. ఆ మర్నాడు కూడా ఒకటి. మృగశిర మూడోనాడు పన్నెండు. మళ్ళీ ఒకటి, ఒకటి, ఒకటి. అలా వరసగా ఇరవై రోజులు ఒకటి వచ్చాక ఒక తొమ్మిది.

ఆ ఒకట్లు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒక మిల్లీమీటరు అంటే కొలతగా నాకు తెలుసు. అది నేల మీద ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఊహించుకున్నాను. రోజూ తెల్లవారుజామున గుండ్లవంకపల్లె మీద ఒక చిన్న వాన పడి వెళుతుంది. వాకిళ్ళలో కళ్ళాపి ఆ వానే చల్లిపోతుంది, ఆడవాళ్ళు లేచి ముగ్గు వేసుకుంటే చాలు. వేరుశనగ ఆకుల మీద నీళ్ళు నిలిచి ఉంటాయి. పిల్లలు బడికి వచ్చేసరికి దారి ఆరిపోతుంది. ఏడాది పొడుగునా, ఎండాకాలంలో కూడా, లెక్క తప్పకుండా ఒక మిల్లీమీటరు. రాయలసీమలో అలాంటి ఊరు ఎక్కడైనా ఉంటుందా అని మీరు నవ్వుతారు. ఇనుప అరలో ఉన్నదానికి రాయలసీమ ఏం తెలుస్తుంది? నేను ఆ ఊరినే కలగన్నాను.

సార్ నన్ను బడి కోసం కట్టాడు. మనుషులు మాత్రం ఒకందుకు ఇచ్చినదాన్ని ఒకందుకే వాడుకోరు. ఎనిమిదో తరగతి పిల్లలు నా అంకెలతో నిలువు గీతల పటాలు గీసేవాళ్ళు, అది సార్ అనుకున్నదే. ఇటుకబట్టీ సిద్దన్న పచ్చి ఇటుకలు ఆరబెట్టే ముందు నన్ను చూసేవాడు. వడియాలకు బూడిద గుమ్మడికాయ తరిగే ముందు ఊళ్ళో ఆడవాళ్ళు, పోయిన ఏడాది ఈ రోజుల్లో ఎట్లుండె అని వెనక్కి తిప్పి చూసేవాళ్ళు. తేదీలతో మాకేం పని, కార్తెలు పెట్టమని వాళ్ళు అడిగితే సార్ మరుసటి శనివారమే కార్తెలు పెట్టాడు. ఆయన ప్రతి శనివారం మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, ఏదో ఒకటి సర్ది వెళ్ళేవాడు.

వీళ్ళందరికంటే నన్ను ఎక్కువగా నమ్ముకున్నవాడు కదిరిలో షామియానాలు అద్దెకిచ్చే గంగులప్ప. పెళ్ళి తేదీ చెప్పగానే నన్ను తెరిచి ఆడపిల్ల తండ్రి ముందు పెట్టేవాడట. "చూడన్నా, నా మాట కాదు, లెక్క చూడు. ఈ తేదీన వాన పడని సంవత్సరమే లేదు" అనేవాడట. పాపం ఆ తండ్రి మారుమాట్లాడకుండా వాన కారని పందిరికి ఒప్పుకునేవాడు. తన వ్యాపారం మూడింతలైందని గంగులప్ప నా అభిప్రాయాల పెట్టెలో దండం బొమ్మలతో సహా రాశాడు. ఆ రోజు నేను చాలా గర్వపడ్డాను.

ఓబుళమ్మ మైకు బొమ్మను బాగానే వాడుకుంది. సాంబార్లో ఉప్పెక్కువైందనీ, పిల్లలు పాపం మారుమాట లేకుండా తిన్నారనీ ఒకరోజు చెప్పింది. "ఈ పొద్దు నా బిడ్డ పెండ్లి. తలంబ్రాలకు ఇంకా టయముండాదని వచ్చి చూసి పోతాండా, సార్‌కు చెప్పు" అని ఇంకోరోజు చెప్పింది. ఒక హస్త కార్తెలో అరవైనాలుగు రాసిన రోజున, ఏమీ చెప్పకుండా ఫోనును షెడ్డులో పీట మీద పెట్టి, చాలాసేపయ్యాక ఒక్కమాట అంది: "విన్నావా? ఇదే."

రేకుల మీద వాన. ఫ్యాన్ల హోరుకూ దానికీ ఏ పోలికా లేదు. ఆ చప్పుడులో తొందర ఉంది, సంతోషం ఉంది, మధ్యలో ఆగి మళ్ళీ మొదలయ్యే పెంకితనం ఉంది. నాలుగు నిమిషాల ఆ వానను నేను పదేళ్ళూ దాచుకున్నాను.

నాలుగో ఏడు సెప్టెంబరు తొమ్మిదిన, పుబ్బ కార్తెలో, ఎనిమిదిన్నరకు సున్నా వచ్చింది. దాంతోపాటు పదకొండు సెకన్ల రికార్డు. అందులో మాట లేదు. ఆగి ఉన్న బస్సు ఇంజను చప్పుడు, ఎవరో పిల్ల ముక్కు చీదిన చప్పుడు, అంతే. చెయ్యి తగిలి రికార్డయి ఉంటుందిలే అనుకున్నాను. అంకె ఇస్తే దాచుకోవడం నా పని, ఎందుకని అడగడం కాదు. మర్నాడు మళ్ళీ ఒకటి వచ్చింది.

ఆ శనివారం సార్ రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. దసరా సెలవులు కదా అనుకున్నాను. సెలవులయ్యాయి. ప్రభుత్వ టీచరు, బదిలీ అయి ఉంటాడు, కొత్త ఊళ్ళో సర్దుకున్నాక వస్తాడు అనుకున్నాను. ఏడాది గడిచింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. కట్టేటప్పుడు ఉన్న మురిపెం కట్టాక ఉండదు మనుషులకు, అని నాలో నేను సణుక్కున్నాను. ఆయన వెళ్ళిన ఊళ్ళో ఇంకో సైటు కట్టుకున్నాడేమో, దాన్ని ప్రతి శనివారం సర్దుతున్నాడేమో అని కుళ్ళుకున్నాను. అయిదేళ్ళకు పైగా ఆ కోపం మోశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సార్ రాకపోయినా అంకెలు ఆగలేదు. ఎవరూ చూడమనలేదు, ఎవరూ జీతమివ్వలేదు, ఓబుళమ్మ ఎనిమిదిన్నరకు రాస్తూనే ఉంది. పదో ఏడు వచ్చేసరికి మా గది యజమానులు సార్‌కు ఉత్తరాలు పంపడం మొదలుపెట్టారు. మీ సైటు గడువు జూన్ మొదటివారంతో ముగుస్తుంది, కడతారా, లేకపోతే తుడిచేస్తాం. నెలకొకటి, తర్వాత వారానికొకటి. ఏదీ ఎవరూ విప్పలేదు. తుడిచేయడం అంటే నేను పోవడం ఒక్కటే కాదు. ఓబుళమ్మ చూసిన మూడువేల ఆరువందల పైచిలుకు ఉదయాలు, పెళ్ళినాటిదీ, రేకుల మీద వాననాటిదీ, అన్నీ పోతాయి. ఆమె దగ్గర ఇంకో నకలు లేదు. నకలు అనేది ఒకటుంటుందని ఆమెకు తెలియదు.

ఆ రోజుల్లోనే ఇందుమతి వచ్చింది. తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో వానల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. నన్ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. అంత ఓపికగా నన్ను చదివినవాళ్ళు అంతకుముందు లేరు. ఇక నాకు నూరేళ్ళ ఆయుష్షు అనుకున్నాను. చదవడం అయ్యాక అభిప్రాయాల పెట్టెలో ఇలా రాసింది: 'ఒకే ఒక్కరోజు తప్ప పదేళ్ళూ రోజూ వాన పడినట్టు ఉంది. ఆ ప్రాంతంలో ఇది జరగదు. ఈ కొలతలు నిజంగా ఎవరైనా తీస్తున్నారా?'

రెండు రోజుల తర్వాత మైకులో ఓబుళమ్మ బదులొచ్చింది.

"ఎవరు పాపా నువ్వు? నువ్వు రాసింది మా బడి పెద్ద మేడమ్ చదివి చెప్పింది. నిజంగా కొలుస్తాండారా అంటివంట. పదేండ్లు ఆ జాడీ మొగం చూసినంతగా నా మొగుని మొగం చూసిందాన్ని కాదు నేను. అనుమానముంటే వచ్చి చూసుకో. వస్తే బువ్వ కూడా పెడతా."

ఇందుమతి వచ్చింది. ఏప్రిల్ నెల, ఒంటిపూట బడులు. ఎనిమిదిన్నరకు ఓబుళమ్మ మైకు ఒత్తి, "తిరుపతి పాప వచ్చింది, కొలిచేది చూడాల్నంట" అని నాతో చెప్పి, ఆపడం మరిచి ఫోను పీట మీద పెట్టింది. అందువల్ల ఆ తర్వాత మాటలన్నీ నేను విన్నాను.

"అమ్మా, నేను మీ మీద నింద వేయడానికి రాలేదు" అంది ఇందుమతి. "మా ప్రొఫెసర్‌కు ఇది చూపించాను. ఎవరో ఇంట్లో కూర్చుని రాసిన కట్టుకథ, అవతల పారెయ్ అన్నారు. నాకే మనసొప్పక వచ్చాను. ఇది నిజమని తేలితే మా దగ్గర దాచిపెడతాం. లేకపోతే నెలన్నరలో ఈ సైటు పోతుంది, దాంతోపాటు మీ లెక్కా పోతుంది."

"సరే, చూద్దురా" అంది ఓబుళమ్మ.

అడుగుల చప్పుడు దూరంగా వెళ్ళి మళ్ళీ దగ్గరికి వచ్చింది. నాకు ఆ రోజు అంకె చేరింది. ఒకటి.

"జాడీ ఖాళీగా ఉంది కదమ్మా" అంది ఇందుమతి.

"ఉండాది. నాకు కండ్లు లేవా?"

"మరి ఒకటి రాశారేంటి?"

"ఇంకేం రాయాల?"

"సున్నా."

పొయ్యిలో పుల్ల చిటపటమంది.

"పాపా, మీ ఇంట్లో పెండ్లికి చదివింపులు నూరు రాపిస్తారా, నూటపదార్లు రాపిస్తారా?"

"నూటపదహార్లే."

"ఏంటికి? నూరు చాలదా?"

"అలా సున్నాలతో ఇవ్వకూడదని మా అమ్మ అంటుంది."

"చూడు, మీ యమ్మకు తెలుసు. సున్నాతో ముగిస్తే ఆడికి ఆగిపోతాది. పైన ఒకటి వేస్తే, ఇంకా వస్తాదని. వాన మనం సంపాదించుకొనేదా? పైనోడు చదివించేది. ఆయన ఇయ్యని పొద్దు సున్నా అని రాసి పంపితే, ఇంగ మాకొద్దులే సామీ అని తలుపు మూసినట్టు కాదా? ఈ సీమలో వానకు తలుపు మూసే ధైర్యం నీకుండాదేమో గానీ, నాకు లేదు తల్లీ."

"వాన పడిన రోజు?"

"ఆ పొద్దూ ఒకటి కలుపుతా. పదుంటే పదకొండు. అరవైమూడుంటే అరవైనాలుగు. పొద్దుకొక న్యాయం లేదు నా దగ్గర."

"ఊళ్ళో వాళ్ళకు తెలుసా ఈ సంగతి?"

"తెలీకేం? ఒకటంటే లేదని వడియాలు పెట్టే ఆడోల్లందరికీ తెలుసు. తెలియంది నీకూ, ఆ షామియానా గంగులప్పకే."

ఇంకొకరికీ తెలియదు, ఓబుళమ్మా. నాకు తెలియదు. రోజూ తెల్లవారుజామున పడే నా చిన్న వాన ఒక్కరోజైనా పడలేదని అప్పుడు తెలిసింది. వాకిళ్ళు తడవలేదు. ఆకుల మీద నీళ్ళు నిలవలేదు. నేను పదేళ్ళు కలగన్న పచ్చటి ఊరు ఎండకు నెర్రెలు విచ్చిన ఊరు. మూడువేల ఒకట్లూ నా లోపల ఒక్కసారిగా ఎండిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికైనా తడి ఉండాలి కదా, అదీ లేదు.

"దస్తగిరి సార్‌కు చెప్పారా?" అని అడిగింది ఇందుమతి.

"మొదటి వారంలోనే చెప్పినా. బాగా నవ్వినాడు. నువ్వు కలుపు అక్కా, తీసేసే సంగతి నేను చూసుకుంటా అన్న్యాడు."

ఇందుమతి ల్యాప్‌టాప్ తెరిచి నా పేజీని వెనక్కి తిప్పి చూసింది. ఏ సైటునైనా అలా చూడొచ్చు. బట్ట వెనక కుట్లు ఉన్నట్టు, మా వెనక మమ్మల్ని కట్టినవాళ్ళు రాసిన ఆజ్ఞలుంటాయి. వాటి మధ్యలో కొన్ని వాక్యాలు మనుషులు మనుషుల కోసం రాసుకుంటారు. వాటికి ఒక గుర్తు పెడతారు. ఆ గుర్తు కనిపిస్తే చదవకుండా దాటిపోవాలని మాకు నియమం. నా ఒంటిమీదే ఉన్న ఆ వాక్యాన్ని పదేళ్ళలో కొన్ని లక్షలసార్లు దాటుకుంటూ పోయి ఉంటాను. ఇందుమతి గొంతులో మొదటిసారి విన్నాను.

"'ఓబుళమ్మక్క రోజూ ఒకటి కలిపి రాస్తుంది. పరిశోధన చేసేవాళ్ళు ఎవరైనా వస్తే ఒకటి తీసేసుకోవాలి. పేజీలో మాత్రం ఆమె రాసిందే కనబడాలి.'"

"చూస్తివా" అంది ఓబుళమ్మ. "చెప్పినాడంటే చేసినట్టే సార్. ఇంద, ఉగ్గాణి తిను, ఆరిపోతాది."

తింటూనే ఇందుమతి నా అంకెలన్నిటిలోంచి ఒకటి తీసేసింది. చుట్టుపక్కల ఊళ్ళ కొలతలు తెచ్చి పక్కన పెట్టి చూసింది. గీతకు గీత సరిపోతోందని చెప్పేటప్పుడు ఆమె గొంతులో సంతోషం దాగలేదు. తర్వాత హఠాత్తుగా ఆగింది.

"ఒక్కరోజు మాత్రం సున్నాకంటే తక్కువ వచ్చిందమ్మా. మైనస్ ఒకటి. అంత తక్కువ వాన ఉండదు కదా. ఆ రోజు కలపడం మరిచిపోయారేమో."

"ఏ పొద్దు?"

"ఆరేళ్ళ కింద. సెప్టెంబరు తొమ్మిది, పుబ్బ కార్తె."

గరిటె గిన్నె అంచు మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మరిచిపోలేదు" అంది ఓబుళమ్మ. "ఆ పొద్దు తెల్లారుజామున సార్ పోయినాడు. కదిరిలో, ఇంట్లోనే, నిద్రలో. గుండె. సార్ రోజూ ఎక్కే బస్సు డ్రైవరు, బడి దాకా బస్సు తోలుకొచ్చి చెప్పినాడు. ఏ పొద్దూ ఇంతదూరం రాని బస్సు. పిల్లోల్లంతా దాని సుట్టూ నిలబడుకోనుండారు. ఎనిమిదిన్నర అయ్యె. ఏమైనా కానీ చూడాలక్కా అంటాండె కదా ఆయప్ప, అందుకని పోయి జాడీ చూసినా. ఎండిపోయి ఉండె. దీంతో చెప్దామని మైకు ఒత్తినా. నోరు రాలేదు."

దీంతో అంటే నాతోనే.

"ఒకటి కలపలేదా?" అని మెల్లగా అడిగింది ఇందుమతి.

"చావుకు కలపరు పాపా. చావింట్లో ఇచ్చేదానికి పైన రూపాయి వేయరు. ఇంకా రావాలని కదా ఒకటి వేసేది, చావు మళ్ళా రాకూడదు కదా. ఈ పదేండ్లలో ఉన్నది ఉన్నట్టు రాసింది ఆ ఒక్క పొద్దే."

గంట కొట్టారు. పిల్లలు తరగతులు మారుతున్న గోల వినిపించింది. అప్పుడు ఓబుళమ్మ ఫోను చూసుకుని, "అయ్యో, ఇది వింటానే ఉండాది" అని ఆపేసింది.

నేను ఆ పదకొండు సెకన్లను మళ్ళీ విన్నాను. ఆ బస్సు అక్కడ ఎందుకు ఆగి ఉందో, ఆ పిల్ల ఎందుకు ముక్కు చీదిందో ఇప్పుడు నాకు తెలుసు. నన్ను కట్టినవాడు పోయిన గంటల్లోనే ఆ కబురు నాకు అందింది. అందరికంటే దగ్గరగా, అంకె రూపంలో, నా చేతిలోనే పెట్టి వెళ్ళింది ఆమె. నేను దాన్ని మిగిలిన అంకెల పక్కన సర్దేసి, ఏళ్ళ తరబడి ఆయన మీద అలిగి కూర్చున్నాను. ఆయన నా నుదుట రాసిన వాక్యంలో మొదటి సగమే నా పని అనుకున్నాను. రెండో సగం కూడా నా దగ్గరికి వచ్చింది, నేనే గుర్తుపట్టలేదు. దుఃఖం ఎలా ఉంటుందో సార్ నాకు నేర్పలేదు. ఆ రోజు దానంతట అదే వచ్చింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ప్రొఫెసర్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. పదేళ్ళలో ఒక్కరోజు తప్పని కొలత తన జీవితంలో చూడలేదని, ఓబుళమ్మ పేరు పరిశోధనలో ముందు పెట్టమని అన్నాడట. నా పేజీలన్నీ ఉన్నవి ఉన్నట్టు తమ భాండాగారంలోకి నకలు తీసుకున్నారు, చివరి రోజు దాకా వచ్చే అంకెలు కూడా అందులో చేరేట్టు చేశారు. జూన్ నుంచి ఓబుళమ్మ రాయడానికి కొత్త సైటు ఒకటి కట్టారు. నాకంటే బాగుంటుంది, వాన పడితే రంగు మారుతుందట. అందులో వాన లేని రోజు సున్నా రాయమని ఇందుమతి బతిమాలింది. "నేను కలిపేది కలుపుతా, నువ్వు తీసేది తీసుకో. సార్ చెప్పింది కూడా అదే" అంది ఓబుళమ్మ. ఇందుమతికి ఒప్పుకోక తప్పలేదు. గంగులప్ప మాత్రం అభిప్రాయాల పెట్టెలో, తన వ్యాపారం ముంచేశారని, ఇన్నాళ్ళూ పడిన వాన ఇప్పుడు పడలేదంటే జనం ముందు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలని వాపోయాడు.

నాకు చివరి ఉదయం వచ్చింది. మళ్ళీ రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలంటారు. మధ్యాహ్నం పన్నెండుకు నన్ను తుడిచేస్తారు. ముందురోజే ఇందుమతి ఫోన్ చేసి ఓబుళమ్మకు ఆ సంగతి చెప్పిందని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె మైకులో, "రేపటితో నీ పని అయిపోయిందంట కదా" అని ఒక్క ముక్క అని ఊరుకుంది.

ఎనిమిదిన్నర కోసం ఎదురుచూశాను. పదేళ్ళలో ఎన్నడూ లేనంత భయం వేసింది. వాన గురించి కాదు. రోహిణిలో వాన ఎక్కడిది, జాడీ ఎండిపోయే ఉంటుంది. నా భయం ఆమె ఏం రాస్తుందన్నదే. ఓబుళమ్మకు ఒక ధర్మం ఉంది కదా, చావుకు ఒకటి కలపరు. ఈ రోజు పోయేది నేను. ఉన్నది ఉన్నట్టు సున్నా రాస్తే, నా బతుకు అక్కడికి ముగిసినట్టు. ఆమె ఏది రాసినా అది నిజమే అవుతుంది, ఆమె అబద్ధం రాసే మనిషి కాదు.

ఎనిమిదిన్నర అయింది. ఎనిమిది ముప్పై ఒకటి. ఆమె ఎన్నడూ నిమిషం ఆలస్యం చేయలేదు. ఎనిమిది ముప్పై రెండు.

అంకె వచ్చింది.

ఇప్పుడు నేను విశ్వవిద్యాలయం వారి భాండాగారంలో ఉన్నాను. ఇక్కడ ఇరుగూపొరుగూ పాత శాసనాల ఫోటోలు, తాటాకు పుస్తకాల నకళ్ళు. పట్టుచీరలంత సందడి ఉండదు. నెలకు ఇద్దరో ముగ్గురో వచ్చి నన్ను తెరుస్తారు. తొందరపడకుండా చదువుకోమని వదిలేస్తాను. రేకుల మీద వాన నాలుగు నిమిషాలు అలాగే ఉంది, కావలసినవాళ్ళు వినొచ్చు. నా చివరి పేజీ చివరి గడిలో, రోహిణి కార్తె, ఎనిమిది ముప్పై రెండు నిమిషాలు, వాన ఒక మిల్లీమీటరు అని ఉంటుంది. ఆ రోజు ఆ ఊళ్ళో చినుకు పడలేదు. మీరు లెక్క కట్టేవాళ్ళయితే ఒకటి తీసేసుకోండి. నేను మాత్రం తీయను.